పది కంటే తగ్గితే

నాకు ముక్కు మీద కోపం. ఈ మాట ముందే చెప్పేస్తే నాకూ మీకూ మంచిది. లాస్ వేగస్‌లో బౌల్డర్ హైవే మీద ఉన్న మా పాత కాసినోలో పదిహేడేళ్ళుగా పేకముక్కలు పంచుతున్నాను. ఓడిపోయిన ప్రతివాడికీ ముక్కలు పంచిన నా చేతులే కనిపిస్తాయి. గెలిచినవాడికి మాత్రం తన తెలివి తప్ప ఇంకేమీ కనిపించదు. అందుకని ఎవరైనా నన్ను చూసి గొణిగితే నేనూ ఊరుకోను, నాలుగు అంటిస్తాను. అయితే ఒక్కసారి మాత్రం తప్పు నిజంగా నా చేతులదే. ఆ ఒక్కసారీ అవతలి మనిషి నన్ను పల్లెత్తు మాట అనలేదు. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఆ మనిషి పేరు వెర్నా స్టోక్లీ. ఆవిణ్ణి నేను మొదట చూసింది పేకాట గదిలో కాదు, ఒక పెద్ద హోటల్ నేలమాళిగలో. అప్పటికి నాకీ పని కొత్త, ఈ కాసినోకి రాకముందు కొన్నాళ్ళు అక్కడే చేశాను. పంచేవాళ్ళకిచ్చే చొక్కా, పైకోటు తెచ్చుకోమని నన్ను కిందికి పంపారు. అక్కడ బట్టల గుట్టల మధ్య, కుట్టుమిషను వెనక ఒక సన్నటి ఆవిడ కూర్చుని ఉంది. నన్ను పైనుంచి కిందిదాకా ఒక్కసారి చూసి, టేపు ముట్టుకోకుండానే మెడ కొలత, చెయ్యి కొలత, నడుము కొలత చెప్పేసింది. నడుము కొలత దగ్గర నేను రెండంగుళాలు తగ్గించి చెప్పబోయాను. ఆవిడ కళ్ళద్దాల మీంచి చూసిన చూపుకి నోరు మూసుకున్నాను.

మా చొక్కాలకి జేబులుండవు. ఉంటే ఎవరైనా డబ్బుకి బదులు ఆడే పందెం బిళ్ళ అందులో జారేసుకుంటారని అనుమానం. బజారు నుంచి జేబులతో వచ్చిన చొక్కాలకి జేబులు మూసి కుట్టడం వెర్నా పని. ముప్పై ఒక్క ఏళ్ళు ఆవిడ చేసింది అదే. "ఈ ఊరికి అందరూ జేబులు నింపుకోడానికొస్తారు, నేను మూయడానికొచ్చాను" అని నవ్వేది. సరుకు లారీలు ఆగే వెనక గుమ్మంలోంచి వచ్చి, మెట్లు దిగి కిందికి పోవడం, సాయంత్రం మళ్ళీ ఆ గుమ్మంలోంచే బయటికి పోవడం. పైన హాల్లో ఏం జరుగుతోందో, అక్కడి తివాచీ ఏ రంగో ఆవిడకి తెలియదు. నేలమాళిగ పనివాళ్ళు హాల్లోకి రాకూడదు.

ఆవిడ రిటైరయ్యాక నాకు మళ్ళీ మా కాసినోలో కనిపించింది. మా దగ్గర మంగళ, గురువారాల్లో పొద్దున పదింటికి చిన్న పోటీ ఉంటుంది. ఊళ్ళో పెద్దవాళ్ళందరూ వస్తారు. టిఫిను కూపను ఇస్తారు కాబట్టి ఇంకా వస్తారు. వెర్నా మొదటి రోజే వచ్చి ఒకటో కుర్చీలో, అంటే నా ఎడమచేతి పక్కనే కూర్చుంది. సూదిలో దారం ఎక్కించీ ఎక్కించీ కళ్ళు దెబ్బతిన్నాయట, దూరంగా కూర్చుంటే బల్ల మధ్యలో ముక్కలు కనపడవట. ఆ తర్వాత పదకొండేళ్ళు ఆవిడ ఆ కుర్చీ మారలేదు. ఎవరైనా కొత్తవాడు తెలియక కూర్చుంటే నేనే లేపేదాన్ని.

పదకొండేళ్ళు పక్కనే కూర్చున్న మనిషి చేతులు మన చేతులంత తెలిసిపోతాయి. వెర్నా ముక్కలు వచ్చిన వెంటనే తీసేది కాదు. ముందువాళ్ళందరూ తేల్చుకున్నాక, తన వంతు వచ్చినప్పుడే బొటనవేలితో మూలలు కొంచెం ఎత్తి చూసేది. నచ్చితే ఒక బిళ్ళ తీసి ముక్కల మీద పెట్టేది. నచ్చకపోతే ఏమీ పెట్టకుండా వేలితో నా వైపు నెట్టేది. చాలాసార్లు ఆ నెట్టడం కూడా ఉండేది కాదు, అలాగే వదిలేసేది, నేనే లాక్కునేదాన్ని. ముక్కల మీద ఏదో ఒకటి పెట్టి కాపాడుకోవడం ఆడేవాళ్ళ బాధ్యత. మాకు రోజుకి వందలసార్లు ముక్కలు ఊడ్చే పని, పొరపాటున ఎవరివి పోయినా మా పూచీ కాదు. ఈ సంగతి గోడ మీద కూడా రాసి ఉంది.

ఆవిడ ఆటలో ఒకే ఒక్క జబ్బు ఉండేది. ఆ జబ్బు చెప్పాలంటే పోటీ ఎలా నడుస్తుందో రెండు ముక్కల్లో చెప్పాలి. అందరికీ సమానంగా బిళ్ళలిస్తారు, అయిపోతే ఇంటికి పోవాలి. ఒక్కొక్కరికి రెండేసి ముక్కలు మూసి పంచుతాం, తర్వాత బల్ల మధ్యలో అందరికీ కలిపి అయిదు ముక్కలు తెరుస్తాం. పంచిన ప్రతిసారీ ఇద్దరు మనుషులు, వంతులవారీగా, ముక్కలు చూడకముందే పందెం పెట్టాలి. ఒకరిది చిన్నది, ఒకరిది పెద్దది. ఇరవై నిమిషాలకొకసారి ఆ పందేలు పెరుగుతాయి. అంటే ఊరికే కూర్చున్నా బిళ్ళలు కరిగిపోతూనే ఉంటాయి. వెర్నా ఊరికే కూర్చునేది. మంచి ముక్కలు వచ్చేదాకా చూసేది. అవి వచ్చేసరికి ఆవిడ దగ్గర మూడు పెద్ద పందేలకి సరిపడా బిళ్ళలే మిగిలేవి. అప్పుడు మొత్తం పెట్టినా భయపడేవాళ్ళు ఎవరు? పోతే పోయింది అని ఎవడో ఒకడు అంతకంత పెట్టి ముక్కలు తెరిపిస్తాడు, ఆవిడ పోతుంది. నలభై మందిలో తొమ్మిదో స్థానం, పన్నెండో స్థానం. మొదట పోయేదీ కాదు, చివరిదాకా ఉండేదీ కాదు.

ఇది చూసి కడుపు మండిపోయే మనిషి ఒకడున్నాడు, ఓర్విల్ టెస్కీ. నలభై వేసవులు ఈ ఊరి ఇళ్ళ కప్పులెక్కి ఏసీలు బాగుచేసినవాడు. చెవులు ఎండకి కమిలి ఇప్పటికీ ఎర్రగానే ఉంటాయి. పోటీకి ముందు కాఫీ హోటల్లో వెర్నాకి ఎదురుగా కూర్చుని, గుడ్లు తింటూ, కాగితం రుమాలు మీద లెక్కలు గీసి చూపించేవాడు. ఆయన పాఠం ఒక్కటే. నీ దగ్గర పెద్ద పందేనికి పదింతల కంటే తక్కువ ఉంటే నీకు రెండే పనులున్నాయి. ముక్కలు పారెయ్యడం, లేదా ఉన్నదంతా లోపలికి తోసెయ్యడం. నడిమధ్య పని లేదు, కొంచెం పెట్టి చూద్దామనేది లేదు. ముందు తోసినవాడికి గెలవడానికి రెండు దారులు. అందరూ భయపడి పారేస్తే బల్ల మీద పందేలు వాడివి. ఎవడైనా సరేనని అంతకంత పెడితే, ముక్కలు తెరిచాక గెలిచే అవకాశం ఇంకా ఉంది. సరేనన్నవాడికి మాత్రం ఒకటే దారి, ముక్కలు బాగుండాలి. కాబట్టి నీకు ముందు ఎవరూ ఆడకపోతే, నీ వెనక ముగ్గురు నలుగురే మిగిలితే, నీ ముక్కలేమిటన్నది అంత ముఖ్యం కాదు.

"నువ్వు ఆడటం లేదు వెర్నా, ఆ కుర్చీకి అద్దె కడుతున్నావు" అనేవాడు.

"కట్టనీ, నా డబ్బు" అనేది ఆవిడ.

"తాడో పేడో తేల్చుకోవే అంటే, తాడు ఎంత పొడుగుందో కొలుస్తూ కూర్చుంటావేం?"

వెర్నా టోస్టు మీద జాం రాసుకుంటూ వినేది. నాకు ఆశ్చర్యమేమిటంటే ఆ రుమాలు లెక్కలన్నీ ఆవిడకి కంఠతా వచ్చు. ఎన్ని పందేలుంటే, ఏ కుర్చీలో కూర్చుంటే, ఏ ముక్కలతో తోయాలో ఓర్విల్ తడబడినప్పుడు ఆవిడే అందించేది. మరి బల్ల దగ్గర ఏమయ్యేది ఆ చదువంతా? ఇది నన్ను పురుగులా తొలిచేది. ఇతరుల ఆట గురించి బల్ల దగ్గర మేము నోరెత్తకూడదు కాబట్టి, ఒకరోజు విరామంలో చేతులు కడుక్కునే చోట పట్టుకుని అడిగేశాను.

చాలాసేపు చేతులు తుడుచుకుంది. తర్వాత చెప్పింది. గుడ్డ మీద కత్తెర పెట్టేముందు రెండుసార్లు కొలవడం ఆవిడకి అలవాటు. ఒకసారి కత్తిరిస్తే మళ్ళీ అతకదు. ముక్కల మూల ఎత్తి చూసి, తొమ్మిదీ నాలుగూ కనిపిస్తే, ఇది పాడు గుడ్డ అని చెయ్యి తనంతట తానే ఆగిపోతుందట. ఓర్విల్ లెక్క బుర్రలో గంట కొడుతూనే ఉంటుంది, చెయ్యి మాత్రం రాదు.

"చూశాక చెయ్యి రాదమ్మాయ్. అంతే. ఇంకేం లేదు" అంది.

ఇంకేం లేదన్నది నిజం కాదు. ఇంకొకటి ఉందని నాకు తెలుసు. ఏటా జూన్‌లో పెద్దవాళ్ళ కోసం ఒక పెద్ద పోటీ పెడతారు. దేశం నలుమూలల నుంచి వేలమంది వస్తారు. అది జరిగేది వెర్నా ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేసిన హోటల్లోనే, పైన హాల్లో. ప్రవేశానికి వెయ్యి డాలర్లు. వెయ్యి డాలర్లు పెట్టి పేకాడటానికి నాకేం పిచ్చా అనేది. కానీ ఎవరైనా వెళ్ళొస్తే చాలు, వాళ్ళని కూర్చోబెట్టి యక్షప్రశ్నలు వేసేది. లోపలికి ఏ గుమ్మంలోంచి పంపుతారు? కుర్చీలు మెత్తగా ఉంటాయా? పేరు పెట్టి పిలుస్తారా, నంబరుతోనా? పంచేవాళ్ళ చొక్కాలు ఎవరు కుట్టారోగాని భుజాల దగ్గర సరిగా కూర్చున్నాయా? గెలిచావా ఓడావా అని మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు.

మా కాసినోలో ఏడాది పొడుగునా క్రమం తప్పకుండా ఆడినవాళ్ళకి మే నెలలో ఒక పోటీ పెడతారు. డబ్బు కట్టక్కర్లేదు. నలభై మంది ఆడితే చివరికి మిగిలిన ఎనిమిది మందికి జూన్ పోటీలో చోటు. ఎనిమిది మందికీ ఒకటే బహుమానం. మొదటివాడికి ఎక్కువా, ఎనిమిదోవాడికి తక్కువా అని లేదు. తొమ్మిదోవాడికి మాత్రం టిఫిను కూపను.

ఆ ఏడు చివరి బల్లకి పంచే వంతు నాది. మధ్యాహ్నం ఒంటిగంటన్నర. తొమ్మిది మంది మిగిలారు. ఒక్కడు పోతే చాలు, మిగతా ఎనిమిది మందీ లేచి చేతులు కలుపుకుని ఇంటికి పోవచ్చు. ఇలాంటప్పుడు బల్ల దగ్గర ఊపిరి పీల్చిన చప్పుడు కూడా వినిపిస్తుంది. ప్రతివాడూ పక్కవాడి బిళ్ళల వైపే చూస్తుంటాడు, వీడెప్పుడు పోతాడా అని. అందరికంటే తక్కువ బిళ్ళలు ఒకటో కుర్చీలో ఉన్నాయి. వెర్నా దగ్గర ఏడు పెద్ద పందేలకి సరిపడా ఉంది. గడియారంలో నాలుగు నిమిషాలు. తర్వాత పందెం రెట్టింపు. ఏడు కాస్తా మూడున్నర అవుతుంది. ఇంతకాలం ఆవిడ పోయింది అక్కడే.

నాలుగో కుర్చీలో ఓర్విల్. ఆయన దగ్గర బిళ్ళలు గుట్టగా ఉన్నాయి. ఆ పంపకంలో పెద్ద పందెం పెట్టాల్సిన వంతు ఆయనది, మూడో కుర్చీలో వాడిది చిన్న పందెం.

పంచాను. అయిదో కుర్చీ నుంచి తొమ్మిదో కుర్చీ దాకా ఒకరి తర్వాత ఒకరు పారేశారు. ఎవరూ కదలదలుచుకోలేదు. వెర్నా వంతు వచ్చింది. ఆవిడ వెనక ముగ్గురే. ఓర్విల్ రుమాలు మీద గీసిన బొమ్మ అచ్చం ఇదే. నేను ముక్కలు లాక్కోడానికి చెయ్యి ముందుకి చాపి ఉంచాను కూడా. అలవాటు మరి.

ఆవిడ చేతులు ఒడిలోంచి తీసి, రెండు అరచేతులతో బిళ్ళలన్నిటినీ బల్ల మధ్యకి తోసేసింది.

"మొత్తం" అంది.

గొంతు స్పష్టంగానే ఉంది. పదకొండేళ్ళు పక్కన కూర్చుని ఇంకా ఏడు పందేలుండగానే ఆ మాట ఆవిడ నోట విన్నది అదే మొదలు.

రెండో కుర్చీలో వాడు పెదవి విరిచి ముక్కలు నా వైపు జార్చాడు. అవి సగం దారిలో, వెర్నా ముక్కలకి ఆనుకుని ఆగాయి. మూడో కుర్చీవాడూ పారేశాడు. ఇక ఓర్విల్. ఆయన ముక్కలు చూశాడు, వెర్నాని చూశాడు, మళ్ళీ ముక్కలు చూశాడు. దాదాపు నిమిషంసేపు బిళ్ళలు వేళ్ళ మధ్య ఆడించాడు. స్నేహం కొద్దీ మంచి ముక్కలు పారేయడం మా దగ్గర దొంగతనంతో సమానం. పట్టుబడితే గెంటేస్తారు. పట్టుబడకపోయినా ఓర్విల్ అలాంటి పని చేసే మనిషి కాదు. మొహం ఎర్రబడింది.

"సారీ వెర్నా" అని బిళ్ళలు ముందుకి పెట్టాడు.

అప్పుడు నా చేతులు వాటి పని అవి చేశాయి. ఇద్దరి మధ్యా తేలబోయే ముందు బల్ల శుభ్రం చేయాలి. పారేసిన ముక్కలు ఊడ్చి కుప్పలో కలపాలి. మూడో కుర్చీవి లాగాను. ఎడమచేత్తో నా పక్కనున్నవి లాగాను. అన్నీ కలిపి కుప్పలోకి తోసి, వేళ్ళతో ఒకసారి కలియబెట్టి, "ఇద్దరూ ముక్కలు చూపించండి" అన్నాను.

ఓర్విల్ రెండు రాణులు తిరగేశాడు. వెర్నా చెయ్యి బల్ల మీదికొచ్చి ఆగిపోయింది. ఆవిడ ముందు ఖాళీ ఆకుపచ్చ గుడ్డ.

"నోరీన్, నా ముక్కలేవి?" అంది మెల్లగా.

నా ఎడమచేతి వైపు చూసుకున్నాను. అది ఇంకా కుప్ప మీదే ఉంది. లియోని పిలిచాను. లియో బరాజస్ ఆ గదికి పెద్ద. తగాదా వస్తే తీర్పు ఆయనదే. ఒకప్పుడు ఇదే కాసినోలో ఎంగిలి ప్లేట్లు తీసినవాడు, ఎవరి పక్షమూ పట్టడు. జరిగింది ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ మొత్తం తోసింది, ఓర్విల్ సరేనన్నాడు, నేను ఆవిడ ముక్కలు కూడా కలిపి ఊడ్చేశాను. ముక్కల మీద బిళ్ళ లేదు.

లియో గోడ మీదున్న బోర్డు వైపు చూడలేదు, చూడక్కర్లేదు. కాపాడుకోని ముక్కలు పోతే ఆ పంపకంలో మనిషి లేనట్టే. పెట్టిన బిళ్ళలూ పోయినట్టే. కానీ వెర్నా మొహం చూసి ఆయన మనసు కొంచెం కరిగింది.

"ఏ రెండు ముక్కలో కచ్చితంగా తెలుసా నీకు?" అని నన్ను అడిగాడు.

అవునంటే అయిపోయేది. పైనున్న ఏ రెండో తీసి ఇవి అంటే సరిపోయేది. పైన కెమెరా ఉంది నిజమే, కానీ వీపులన్నీ ఒకేలా ఉన్న ముక్కల్లో ఏవి ఎవరివో కెమెరాకి మాత్రం ఏం తెలుస్తుంది? అవునన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. తెలియదన్నాను. తెలియదు మరి, కలియబెట్టేశాను.

లియో వెర్నా వైపు తిరిగాడు. రూలు పుస్తకం ప్రకారం ఇలా అడగక్కర్లేదు, ఆయన ఆవిడ కోసం ఒక మెట్టు దిగాడనే చెప్పాలి.

"అమ్మా, మీ ముక్కలేవో చెప్పండి. రెండూ కుప్పలో పైపైన కనిపిస్తే మీకు ఇచ్చేస్తాను. ఆట కొనసాగుతుంది."

ఓర్విల్ వెంటనే తనకేం అభ్యంతరం లేదన్నాడు. ఏడో కుర్చీలో ఒకడు ఏదో సణగబోతే ఓర్విల్ వాడి వైపు చూసిన చూపుకి వాడు నీళ్ళ సీసా అందుకున్నాడు. అందరం వెర్నా నోటి వైపే చూస్తున్నాం.

ఆవిడ పెదాలు తడుపుకుంది. ఎందుకు ఆలస్యం చేస్తోందో నాకు అంతుపట్టలేదు. నిన్న పంచిన ముక్కలు కూడా వరసగా చెప్పగలిగే మనిషి.

"తెలియదు" అంది చివరికి.

"మర్చిపోయారా? ఫరవాలేదు, నిదానంగా ఆలోచించండి" అన్నాడు లియో.

"మర్చిపోలేదు బాబూ. నేను చూడలేదు."

బల్ల చుట్టూ ఒక్కసారిగా గొంతులు లేచాయి. ఓర్విల్ అరికాలి మంట నెత్తికెక్కినట్టు లేచాడు. ముక్కలు అంత ముఖ్యం కాదన్నానే గాని, అసలు చూడొద్దని ఎప్పుడన్నాను, ఏ రుమాలు మీద రాశాను అని అరిచాడు. నేను మాత్రం మనసులో ఆవిణ్ణి బతిమాలుతున్నాను. ఏదో ఒకటి చెప్పవే తల్లీ, అయిదూ రెండూ అను, కళావరు రాజు అను, దొరికితే దొరుకుతుంది, నిన్నెవరు అడుగుతారు అని. ఆవిడ చేతులు మళ్ళీ ఒడిలో పెట్టుకుంది.

లియో తీర్పు చెప్పాడు. ఆ పంపకంలో వెర్నా లేనట్టే. ఏడు పందేల బిళ్ళలూ ఓర్విల్ వైపు తోసింది నేనే. ఆ పని కూడా ఈ చేతులతోనే చేయాల్సొచ్చింది.

మిగతా ఎనిమిది మందికీ జూన్‌లో చోటు దొరికింది. అలాంటప్పుడు మామూలుగా ఈలలు వేస్తారు. ఆ రోజు ఎవరూ వేయలేదు. వెర్నా కుర్చీకి వేసిన స్వెట్టరు తీసుకుని, భుజాల మీద సర్దుకుంది.

"మెత్తటి బూట్లు వేసుకుని వెళ్ళండి. ఆ హోటల్లో నడక ఎక్కువ" అని చెప్పి వెళ్ళిపోయింది.

నా వంతు అయ్యాక రెండు చేతులతో చప్పట్లు కొట్టి, అరచేతులు కెమెరాకి చూపించి, బల్ల వదిలాను. చేతుల్లో ఏమీ దాచుకోలేదని చూపించడం మా ఆచారం. నేరుగా కాఫీ హోటల్‌కి పోయాను. వెర్నా కిటికీ పక్కన కూర్చుంది. ముందు గుడ్లు చల్లారిపోయి ఉన్నాయి. ఏడ్చినట్టుంది, కళ్ళద్దాలు బల్ల మీద పెట్టి ఉన్నాయి.

ఒక కాఫీ చెప్పి, ఎదురుగా కూర్చుని, తిట్టండి అన్నాను. నిజంగా ఆ తిట్లు నాకు కావాలి. రోజూ అనవసరంగా పడేదాన్ని, ఒక్కరోజు న్యాయంగా పడితే ఏం పోయింది?

ఆవిడ తిట్టలేదు. కుతూహలంగా నా ఎడమచేతి వైపు చూసింది, పాత మిషను ఎక్కడ పట్టేసిందో వెతికినట్టు.

"అది ఏమనుకుందో చెప్పు. నీ చెయ్యి" అంది.

"బిళ్ళ లేదు వెర్నా. బిళ్ళ లేకపోతే మీరు పారేసినట్టే కదా. మొత్తం అన్నారని చెవికి తెలుసు, చేతికి తెలియలేదు. అది చూడకుండానే లాగేసింది."

"పదకొండేళ్ళలో ఒక్కసారైనా బిళ్ళ పెట్టకుండా ఆడానా?"

"లేదు."

"మరి నీ చెయ్యి తప్పేముంది? నేను పారేసి ఉంటాననుకుంది. నేనైనా అలాగే అనుకునేదాన్ని."

నేను కాఫీ కప్పు అందుకున్నాను. ఆవిడే నెమ్మదిగా చెప్పుకొచ్చింది. ఆ పొద్దున లేచినప్పటి నుంచీ ఒకటే అనుకుందట. పది కంటే తగ్గాక, వంతు వచ్చేసరికి ముందు అందరూ పారేసి ఉంటే, ఈసారి తోసి తీరాలి. ముక్కలు చూస్తే చెయ్యి రాదని తెలుసు. అందుకని చేతులు రెండూ ఒడిలో పెట్టుకుని వేళ్ళు ముడేసుకుంది. చూడలేదు కాబట్టి బిళ్ళ పెట్టడం కూడా గుర్తు రాలేదు. ఆవిడకి ఆ రెండు పనులూ ఒకటే పని. పైగా మొత్తం తోసేశాక పెట్టడానికి బిళ్ళ ఎక్కడుంది?

"ఓర్విల్ ఆలోచిస్తున్నంతసేపూ భలే ఉంది పిల్లా. నాకు భయం వేయలేదు. భయమంతా వాడి మొహంలోనే ఉంది" అంది. తర్వాత కళ్ళద్దాలు తుడుస్తూ, "ఆ హాల్లోకి ముందు గుమ్మంలోంచి వెళ్ళాలని నాకు ఎంత ఉండేదో ఇవాళే తెలిసింది. కడుపులో మండిపోతోంది. అబద్ధమెందుకు చెప్పాలి?" అంది.

నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. అలా ఎవరి చెయ్యీ పట్టుకునే అలవాటు నాకు లేదు.

"అవేమిటో నువ్వయినా చూశావా?" అని ఆశగా అడిగింది.

చూడలేదన్నాను. ఎవరూ చూడలేదు. ఆ కుప్ప నేనే కలిపి తర్వాత పెట్టెలో పెట్టేశాను. ఆసులో, రెండూ మూడో, ఇక ఎప్పటికీ తెలియదు. తెలుసుకోవాలని ఆవిడకి ఉన్నంత దురద నాకూ ఉంది. ఇప్పటికీ అప్పుడప్పుడు రాత్రి పక్క మీద అదే లెక్క వేస్తుంటాను.

మంగళవారం వస్తారా అని అడిగాను. రాకేం, ఏడాది పొడుగునా ఆడితేనే కదా మళ్ళీ మే నెల అంది. చల్లారిన గుడ్లు పక్కకి నెట్టి కళ్ళద్దాలు పెట్టుకుంది. నేను ఉండబట్టలేక ఇంకొకటి అడిగాను, ఈసారి కూడా చూడకుండానే తోస్తారా అని.

"లేదు. చూస్తాను" అంది వెర్నా. "తొమ్మిదీ నాలుగూ కనబడ్డా సరే, చూసి కూడా తోస్తాను."

తర్వాత టిఫిను కూపను తీసి ప్లేటు కింద పెట్టి, నా బిల్లు కూడా అందులోనే కలిపెయ్యమని వెయిట్రెస్‌తో చెప్పింది.